జిప్సీ కింగ్‌కి ఎలక్ట్రిక్ వాటర్ పంప్: ప్రాజెక్టు డైరీ

బండి: మారుతి జిప్సీ కింగ్, ఎంపీఎఫ్ఐ (పెట్రోల్‌ని ఇంజెక్టర్లతో చిమ్మే) మోడల్. జీ13బీబీ ఇంజన్, 1298 సీసీ, 16 వాల్వులు, కంపెనీ లెక్క ప్రకారం 80 హార్స్‌పవర్. బ్లాక్, హెడ్ రెండూ అల్యూమినియం కాబట్టి హీట్ విషయంలో ఈ ఇంజన్‌తో ఆటలు కుదరవు, ఒక్కసారి బాగా మరిగిందంటే హెడ్ వంగిపోవడం, గాస్కెట్ పోవడం, ఆ తర్వాత అయ్యే ఖర్చు జిప్సీ ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఏసీ లేదు. టైర్లు కంపెనీవాటికంటే పెద్దవి, పైన క్యారియర్ ఉంది, నలుగురం ఎక్కి సామాను పెట్టామంటే బరువు గట్టిగానే పడుతుంది.

పని: ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లని (కూలెంట్‌ని) ఇంజన్‌కీ రేడియేటర్‌కీ మధ్య తిప్పేది వాటర్ పంపు. బెల్ట్‌తో తిరిగే ఆ పంపు చేసే పనిని ఎలక్ట్రిక్ పంపుకి అప్పగించడం. దాంతో పాటు, పంపు పుల్లీ మీదే బిగించి ఉండే విస్కస్ ఫ్యాన్ (వేడిని బట్టి పట్టు మారే ద్రవపు క్లచ్ ఉన్నది) తీసేసి ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టడం.

అసలు ఎందుకు

హైవే మీద ఈ బండికి ఏ ఇబ్బందీ లేదు, మే నెల మధ్యాహ్నం ఏలూరు వైపు 80లో పోతున్నా గేజ్ ముల్లు కదలదు. తేడా వచ్చేది రెండు చోట్ల. ఒకటి, ఘాట్ రోడ్డులో లోడు లారీ వెనక ఇరుక్కుని ఫస్ట్, సెకండ్ గేర్లలో పాకుతున్నప్పుడు. రెండోది, ఘాట్ ఎక్కి బండి ఆపేశాక. టీ తాగి వచ్చి తాళం తిప్పితే ముల్లు ఆపినప్పటికంటే పైన ఉంటుంది. ఈ రెండోదాన్ని చాలామంది పట్టించుకోరు, నన్ను మాత్రం ఎక్కువ భయపెట్టింది అదే.

కొత్త సామాను కొనే ముందు పాతదంతా సరిగ్గా ఉందో లేదో చూడాలి, ఈ మాట గట్టిగా చెబుతున్నాను. రేడియేటర్ విప్పి రాడింగ్ చేయించాం (గొట్టాల్లో ఊచ దూర్చి శుభ్రం చేయడం), క్యాప్ మార్చాం, థర్మోస్టాట్‌ని (వేడెక్కితే తెరుచుకుని నీళ్లని రేడియేటర్‌కి వదిలే వాల్వుని) వేడినీళ్లలో వేసి తెరుచుకుంటోందా లేదా చూశాం, ఫ్యాన్ క్లచ్ పట్టు చూశాం. అన్నీ బాగానే ఉన్నాయి. పాత వాటర్ పంపు కింద చిన్న కారుడు రంధ్రం ఉంటుంది కదా, దాని చుట్టూ ఆరిపోయిన కూలెంట్ ఆకుపచ్చగా పొరలు కట్టి ఉంది, లోపల సీల్ వదులవుతోందన్నమాట. ఎలాగూ పంపు విప్పాల్సిందే. ఈ ఇంజన్‌లో టైమింగ్ కవర్, బెల్ట్ తీస్తే గానీ పంపు చేతికి రాదు. అంత పని పెట్టుకుంటున్నప్పుడే ఎప్పట్నుంచో అనుకుంటున్నదీ చేసేద్దామని మొదలుపెట్టాను.

లెక్క

మామూలు వాటర్ పంపు వేగం ఇంజన్ వేగానికి కట్టేసి ఉంటుంది. ఐడిల్‌లో ఇంజన్ 850 ఆర్‌పీఎం, గట్టిగా తొక్కితే 6000, అంటే ఏడు రెట్లు. సెంట్రిఫ్యూగల్ పంపు ఏదైనా సరే, నీళ్లు తోసే పరిమాణం వేగంతో పాటు పెరుగుతుంది, తోసే ఒత్తిడి వేగం వర్గంతో, అది తినే పవర్ వేగం ఘనంతో పెరుగుతాయి. ఏడు రెట్ల వేగానికి పవర్ దాదాపు 340 రెట్లు. కాబట్టి కంపెనీవాళ్లు ఆ పంపుని ఐడిల్‌లో బండి మరగనంత పెద్దదిగానూ చేయాలి, 6000 దగ్గర పవర్ మొత్తం మింగేయనంత చిన్నదిగానూ చేయాలి. మధ్యేమార్గంగా ఏదో ఒక సైజు పెడతారు. మామూలు వాడకానికి అది చక్కగా సరిపోతుంది కూడా.

ఘాట్‌లో సరిపోదు. అక్కడ ఇంజన్ 1500 దగ్గర ఉంటుంది, పంపు నెమ్మదిగా తిరుగుతుంది, కానీ యాక్సిలరేటర్ మీద కాలు బలంగా ఉంటుంది, లోపల పుట్టే వేడి ఎక్కువ. దిగేటప్పుడు మొత్తం తలకిందులవుతుంది: ఇంజన్ బ్రేకింగ్‌లో 4000 తిరుగుతూ, వేడి అంతగా లేకపోయినా పంపు నీళ్లని ఊరికే తోసేస్తుంటుంది. ఇక ఇంజన్ ఆపేశామంటే పంపు కూడా ఆగిపోతుంది, హెడ్‌లో ఉన్న వేడి అంతా కదలని నీళ్లలోకి దిగుతుంది. ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ ఉన్న కాస్త నీరు అక్కడికక్కడే మరిగి ఆవిరి బుడగలు కడుతుంది. నేను టీ తాగి వచ్చాక చూస్తున్నది అదే.

పంపు తిరగాల్సింది ఇంజన్ వేడిని బట్టి, ఇంజన్ వేగాన్ని బట్టి కాదు. ఇది నా కొత్త ఆలోచన ఏమీ కాదు. 2004లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎన్52 ఇంజన్‌లోనే 200 వాట్ల ఎలక్ట్రిక్ పంపు ఉంది. 2009లో వచ్చిన మూడో తరం టొయోటా ప్రియస్‌లో అయితే పంపుతో సహా అన్నీ కరెంటు మీదే నడుస్తాయి, ఇంజన్ ముందు బెల్టే ఉండదు. హైబ్రిడ్ బండికి ఇది తప్పదు మరి, ఇంజన్ పది సార్లు ఆగి పది సార్లు స్టార్టయ్యే చోట బెల్ట్ పంపుని నమ్ముకోలేం.

అంకెల్లో చూద్దాం. ఘాట్‌లో పాకుతున్నప్పుడు నీళ్లలోకి 12 కిలోవాట్ల వేడి దిగుతోందని అనుకుందాం (ఇది నా అంచనా). సగం నీళ్లు సగం గ్లైకాల్ ఉన్న కూలెంట్ నిమిషానికి 13 లీటర్లు తిరిగితే ఇంజన్‌లోకి వెళ్లేచోటికీ బయటికి వచ్చేచోటికీ మధ్య 15 డిగ్రీల తేడా ఉంటుంది. అదే 40 లీటర్లు తిరిగితే తేడా 5 డిగ్రీలే. అల్యూమినియం హెడ్‌కి ఈ తేడా చాలా ముఖ్యం, ఒక మూల చల్లగా ఇంకో మూల కాలుతూ ఉంటేనే లోహం వంగేది. గేజ్ ముల్లు ఒక్కచోట వేడే చూపిస్తుంది, ఈ తేడా దానికి తెలియదు. అందుకని రెండు థర్మోకపుల్ తీగలున్న చిన్న థర్మామీటర్ కొని, ఒకటి పై హోస్ మొదట్లో, ఇంకొకటి కింది హోస్ చివర్లో మెటల్‌కి ఆనించి, పైన ఫోమ్ చుట్టి టేప్ వేశాను. ఏమీ మార్చకముందే మారేడుమిల్లి దాటాక చింతూరు వైపు ఘాట్‌లో రీడింగులు రాసుకున్నాను. లారీ వెనక పాకుతున్నప్పుడు తేడా 14, 15 దగ్గర నిలబడింది. సాఫీ రోడ్డు మీద 60లో 6, 7.

పంపు ఎంపిక

ఆస్ట్రేలియా కంపెనీ డేవిస్ క్రేగ్ వాళ్లవి ఇలాంటి మార్పిడి కోసమే చేసిన పంపులు, మోడల్ పేరులో ఉన్న అంకె నిమిషానికి ఎన్ని లీటర్లో చెబుతుంది. 1300 సీసీకి 80 సరిపోతుందని 80దే తీసుకున్నాను, వేడిని చూసి పంపుని నడిపే దాని కంట్రోలర్‌తో కలిపి. 80 లీటర్లన్నది అడ్డు లేకుండా పారినప్పటి మాట, ఇంజన్ సందుల్లోంచి, రేడియేటర్ గొట్టాల్లోంచి తోయాలంటే అందులో సగం వచ్చినా నా లెక్కకి చాలు.

ఆన్‌లైన్‌లో వెయ్యి, రెండు వేలకి "కార్ ఎలక్ట్రిక్ వాటర్ పంప్" అని కనిపించేవి చాలావరకు హీటర్ కోసమో, టర్బో కోసమో పెట్టే సహాయక పంపులు. సన్నటి పైపు, 20 వాట్ల మోటార్. అవి ఇంజన్ మొత్తానికి చాలవు. ఎవరైనా చేద్దామనుకుంటే పైపు సైజు, ఎన్ని ఆంపియర్లు తీసుకుంటుందో చూడండి, కింది రేడియేటర్ హోస్ అంత లావు పైపు లేని పంపుని పక్కన పెట్టేయండి.

ఆటోనగర్

పాత పంపుని ఏం చేయాలన్నది అసలు చిక్కు. జిప్సీలో ఆ పుల్లీ పంపుతో పాటు ఫ్యాన్‌నీ తిప్పుతుంది, బెల్ట్ దాని మీదుగానే ఆల్టర్నేటర్‌కి వెళుతుంది. పంపు పూర్తిగా తీసేసి ప్లేటు బిగిస్తే బెల్ట్ దారి మారుతుంది, పొట్టి బెల్ట్ వెతుక్కోవాలి, ఆల్టర్నేటర్ బ్రాకెట్ కూడా ముట్టుకోవాల్సి రావచ్చు. అంతకంటే, కొత్త బెల్ట్ పంపు ఒకటి కొని దాని ఇంపెల్లర్ (లోపల తిరుగుతూ నీళ్లు తోసే చక్రం) రెక్కలు కోసేసి, బాడీ, షాఫ్ట్, బేరింగ్, పుల్లీ అలాగే ఉంచేస్తే బెల్ట్ ఎప్పటిలా తిరుగుతుంది, నీళ్లు మాత్రం అడ్డులేకుండా దాని గూడులోంచి పోతాయి. రెండో దారి పట్టాం.

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో నాకు చిన్నప్పట్నుంచీ తెలిసిన లేత్ షెడ్ ఉంది. కొత్త పంపు బల్ల మీద పెట్టి రెక్కలు కోయమంటే అక్కడి లేత్ బాబాయ్ నా ముఖం వంక చూసి, "బంగారంలాంటి పంపు బాబూ, దీన్నెందుకు పాడుచేయడం?" అన్నాడు. ఎలక్ట్రిక్ పంపు చూపించి, కింద హోస్‌లో ఇది కూర్చుంటుంది బాబాయ్, నీళ్లు తోసేది ఇదే, అదొట్టి పుల్లీ అని చెప్పాక అర్థమైంది. అర్థమయ్యాక ఆయనే నాకు ఒక మంచి మాట చెప్పాడు. నేను ఇంపెల్లర్ మొత్తం పుల్లర్‌తో లాగేద్దామని అనుకుంటున్నాను. "మొత్తం లాగితే వెనక సీల్‌కి ఆనేది ఉండదు, కారిపోద్ది. బొడ్డు ఉంచి రెక్కలు మాత్రం దింపుదాం" అన్నాడు. షాఫ్ట్‌ని చక్‌లో పట్టి, సన్నటి కోతలతో రెక్కలు ఒక్కో పొర దించుతూ పోయాడు, చివరికి గుండ్రటి బిళ్ల ఒకటి మిగిలింది, అంచు చేత్తో తడిమితే ఎక్కడా గరుకు లేదు. తిప్పుతూ తీసిన కోత కాబట్టి బ్యాలెన్స్ గురించీ బెంగలేదు. బిళ్ల వెనక ఇరుక్కున్న రజనంతా గాలి కొట్టి తీశాం, ఒక్క చిన్న ముక్క ఉండిపోయినా రేపు సీల్‌ని కోసేస్తుంది.

పాత పంపు ఇంపెల్లర్ ఆయనే లాంతరు కింద పెట్టి చూపించాడు. రెక్కల కొసల దగ్గర లోహం చీమలు కొరికినట్టు గుంటలు గుంటలుగా ఉంది. ఎక్కువ వేగంలో రెక్కల వెనక ఒత్తిడి పడిపోయి ఆవిరి బుడగలు పుట్టి పేలుతుంటాయి, ఆ దెబ్బలే అవి. వేగం ఎక్కువైతే నీళ్లు ఎక్కువ పారతాయన్న లెక్క ఒక హద్దు దాటాక ఎందుకు చెడుతుందో ఆ గుంటలు చూస్తే తెలుస్తుంది.

టైమింగ్ బెల్ట్, టెన్షనర్ ఎలాగూ విప్పాం కాబట్టి కొత్తవే వేశాం.

బిగింపు

ఎలక్ట్రిక్ పంపు కింది హోస్‌లో, రేడియేటర్‌కి దగ్గరగా, వీలైనంత కిందుగా వచ్చింది. దానికి ఎప్పుడూ నీళ్లు నిండుగా అందాలి, గాలి పీల్చకూడదు. మోటార్ వైపు కిందకి రాకుండా అడ్డంగా పెట్టాం, ఎప్పుడైనా సీల్ కారినా చుక్క మోటార్ మీద పడకూడదని. పంపు బరువు హోస్‌ల మీద వేలాడకుండా ఛాసిస్‌కి రబ్బరు బుష్ వేసిన చిన్న బ్రాకెట్ చేయించాం. ఇంజన్ ఊగుతుంది, ఛాసిస్ వేరుగా ఊగుతుంది, అందుకే ఇంజన్ వైపు హోస్‌లో కాస్త వంపు వదిలాం.

థర్మోస్టాట్ తీసేశాం. వేడి చూసి నీళ్లు వదలడం, ఆపడం ఇక కంట్రోలర్ పని. అయితే థర్మోస్టాట్ లేకపోతే నీళ్లు దగ్గరి దారి వెతుక్కుంటాయి, రేడియేటర్‌కి పోకుండా బైపాస్‌లోంచి (రేడియేటర్‌ని తప్పించే పక్కదారి) ఇంజన్‌లోకే తిరిగి వచ్చేస్తాయి. ఆ దారిని రిడ్యూసర్ పెట్టి సన్నం చేశాం, పూర్తిగా మూయలేదు, థ్రాటిల్ బాడీకి వెళ్లే సన్న పైపు అలాగే ఉంది. సెన్సర్ పై హోస్‌లో, ఇంజన్ నోటి దగ్గరే.

ఫ్యాన్ రేడియేటర్ వెనక, కంపెనీ ష్రౌడ్‌లోనే (గాలిని రేడియేటర్ మొత్తం మీదుగా లాగేలా ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు) పట్టీలు వేసి కూర్చోబెట్టాం. ష్రౌడ్ పారేసి ఫ్యాన్ ఒక్కటే బిగించేవాళ్లున్నారు, అలా చేస్తే ఫ్యాన్ ఎదురుగా ఉన్న గుండ్రటి భాగం తప్ప మిగతా రేడియేటర్‌కి గాలి తగలదు.

వైరింగ్ మీద ఎక్కువ టైమ్ పెట్టాను. పంపుకీ ఫ్యాన్‌కీ వేర్వేరు ఫ్యూజులు, వేర్వేరు రిలేలు, ఎర్త్ వైర్లు నేరుగా బ్యాటరీ నెగటివ్‌కి. కంట్రోలర్ డాష్‌బోర్డ్ కింద, నీళ్లు తగలని చోట. డాష్ మీద రెండు స్విచ్‌లు: ఒకటి కంట్రోలర్ పోయినా పంపుని నేరుగా ఫుల్ స్పీడ్‌లో తిప్పడానికి, రెండోది వాగు దాటేటప్పుడు ఫ్యాన్ ఆపడానికి. ఇది నాకు చాలా నచ్చిన లాభం, బెల్ట్ ఫ్యాన్‌ అయితే నీళ్లలోకి దిగినప్పుడు రెక్కలు నీటిని తవ్వుతూ ముందుకి వంగి రేడియేటర్‌ని గీకేస్తాయని భయం ఉండేది. ఎర్ర లైట్‌తో బజర్ ఒకటి, 105 దాటితే మోగేలా. ఎలక్ట్రిక్ పంపు చెప్పాపెట్టకుండా ఆగుతుంది, బెల్ట్ పంపు అయితే ముందు కీచుమని, తర్వాత కారి, ఆ తర్వాత గదా చచ్చేది. అందుకే బజర్ లేకుండా ఈ పని చేయకండి.

కూలెంట్ నింపడం మాత్రం ముందుకంటే తేలికైంది. బండి ముక్కు ఎత్తుగా పెట్టి, క్యాప్ తెరిచి, ఇంజన్ స్టార్ట్ చేయకుండానే పంపు స్విచ్ వేస్తే చల్లటి నీళ్లు తిరుగుతూ గాలి బుడగలు బుడబుడా పైకొచ్చేశాయి. కాలే ఇంజన్ మీద వంగి క్యాప్ దగ్గర చూసుకునే పని తప్పింది.

ఊళ్లో

కంట్రోలర్‌లో 85 డిగ్రీలు పెట్టాను. పొద్దున్నే స్టార్ట్ చేస్తే పంపు ఆగి ఆగి కొద్దిసేపే తిరుగుతుంది, చెయ్యి పెడితే ఆ గుక్కలు తెలుస్తాయి. ఇంజన్ తొందరగా వేడెక్కుతోంది, ఐడిల్ తొందరగా కిందకి దిగుతోంది. ఎంపీఎఫ్ఐ ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ పెట్రోల్ ఎక్కువ పోసుకుంటుంది కాబట్టి ఇది మంచిదే, కాకపోతే విజయవాడలో ఇంజన్ చల్లగా ఉండేదే కాసేపు. లంబసింగి చలికాలంలో ఇంకా బాగా తెలుస్తుంది.

రామవరప్పాడు రింగ్ దగ్గర ట్రాఫిక్‌లో, మధ్యాహ్నం ఎండలో, 86, 88 మధ్య. ఫ్యాన్ వస్తోంది, పోతోంది. ఇంజన్ ముందు వైపు ఆ ఫ్యాన్ హోరు లేకపోవడం మొదట్లో వింతగా ఉంది.

ఆల్టర్నేటర్ మీద భారం పడుతుందన్న అనుమానం అందరికీ వస్తుంది, న్యాయమే. క్లాంప్ మీటర్‌తో చూస్తే పంపు ఫుల్ స్పీడ్‌లో 7 ఆంపియర్లకి కాస్త అటూ ఇటూ, ఫ్యాన్ 11. రెండూ కలిపి రెండు హెడ్‌లైట్ల కరెంటుకి రెట్టింపు. కానీ ఐడిల్‌లో పంపు ఆగి ఆగి తిరుగుతుంది, సగటు తీస్తే 2, 3 ఆంపియర్లే. రాత్రి లైట్లు, ఫ్యాన్, వైపర్ అన్నీ వేసి ఐడిల్‌లో ఉంచి చూస్తే బ్యాటరీ దగ్గర 13.3 వోల్ట్లు వచ్చింది, నాకు చాలు. ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంటు కూడా ఇంజన్ నుంచి వచ్చేదే. వంద వాట్ల పంపుకి నష్టాలు కలుపుకుని ఇంజన్ మీద దాదాపు రెండొందల వాట్లు పడుతుంది. 80 హార్స్‌పవర్ అంటే దాదాపు 60 కిలోవాట్లు కదా, అందులో ఇదెంత. అలాగని "ఎలక్ట్రిక్ పంపు పెడితే పవర్ పెరుగుతుంది" అని ఎవరైనా ఊరిస్తే దానికోసం డబ్బు పెట్టకండి. నాకు పైన ఆర్‌పీఎంలో బండి కాస్త తేలిగ్గా తిరుగుతోంది, అది ఎక్కువగా ఆ బరువైన ఫ్యాన్ పోవడం వల్లే అని నా నమ్మకం.

మళ్లీ మారేడుమిల్లి

అదే ఘాట్, అంతే సామాను, నలుగురమే. పంపు, ఫ్యాన్ రెండూ ఒకేసారి మార్చాను కాబట్టి ఏది ఎంత పనిచేస్తోందో విడదీసి చూడాలనిపించింది. నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయన్నది రేడియేటర్, ఫ్యాన్ చేతిలో ఉంటుంది. లోపలికీ బయటికీ మధ్య తేడా మాత్రం పూర్తిగా పంపు లెక్క. లారీ వెనక అదే పాకుడులో తేడా 5, 6 డిగ్రీలు. బయటికొచ్చే నీళ్లు 91 దాటలేదు. ముందు 15 ఉన్నచోట 6 అంటే నీళ్లు రెండింతలకి పైగా పారుతున్నట్టు, ఇంజన్ మాత్రం అదే 1500 దగ్గర ఉంది.

పైకెక్కాక ఇంజన్ ఆపేశాం. ముందైతే ఆపిన కాసేపట్లో 91 కాస్తా 104 దాకా పోయేది. ఇప్పుడు పంపు, ఫ్యాన్ రెండూ తిరుగుతూనే ఉన్నాయి, థర్మామీటర్ పట్టుకుని నలుగురం బానెట్ చుట్టూ నిలబడ్డాం. 91, 90, 88, 84. రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోయాయి. పంపు ఆగాక ఒకట్రెండు డిగ్రీలు మళ్లీ పెరిగి అక్కడే ఉండిపోయింది. ఆ మూడు నిమిషాలకి బ్యాటరీ ఇచ్చింది ఒక ఆంపియర్ అవర్ కూడా లేదు. నేను ఈ పని పెట్టుకున్నదే దీనికోసం, ఆ అంకెలు దిగుతుంటే చూడటం ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

మామూలు మారుతి కారు, ఊళ్లోనే తిరిగేది, రేడియేటర్ బాగుంది అంటే ఇది అవసరం లేదు, మంచి పంపు, మంచి కూలెంట్ వేసుకుని హాయిగా తిరగండి. బరువుతో నెమ్మదిగా కొండలెక్కే బండికి, ఇంజన్ మార్పిడి చేసి బెల్ట్ కుదరని బండికి, టర్బో పెట్టిన బండికి మాత్రం గట్టిగా చెబుతాను.

ఇంకా మిగిలింది

కింది హోస్ దగ్గర ఒక క్లాంప్‌ని స్క్రూ క్లాంప్ నుంచి స్ప్రింగ్ క్లాంప్‌కి మార్చాలి, వేడికి రబ్బరు వ్యాకోచించి సడలినప్పుడు స్ప్రింగ్‌దైతే తనంత తాను సర్దుకుంటుంది. పంపు పక్కన ప్రెషర్ స్విచ్ ఒకటి పెట్టి, మోటార్‌కి కరెంటు అందుతున్నా నీళ్లు పారకపోతే లైట్ వెలిగేలా చేయాలని ఉంది, ఎందుకంటే నీళ్లు మొత్తం కారిపోతే గాల్లో ఉన్న సెన్సర్ సరైన వేడి చూపించదు, బజర్ కూడా మోగకపోవచ్చు. దానికి సరిపోయే తక్కువ ఒత్తిడి స్విచ్ కోసం చూస్తున్నాను. రెక్కలు కోసిన పాత తరహా పంపు సీల్‌ని వర్షాకాలం అయ్యాక ఒకసారి చూడాలి, ఇప్పుడు దాని మీద ఫ్యాన్ బరువు లేదు కాబట్టి బేరింగ్ ఎక్కువకాలం ఉంటుందని అనుకుంటున్నాను. చూసి రాస్తాను.